ముగింపు పేలవం

పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లడమంటే ఎవరికైనా బెరుకే. ఈ డాక్టరు దగ్గర ఆ బెరుక్కి ఇంకో కారణం కూడా ఉండేది. కుర్చీ వెనక్కి వాల్చి, నోరు బార్లా తెరిపించి, దవడలో దూది కుక్కి, తీరిగ్గా అప్పుడు అడిగేవాడు.

"ఈ మధ్య ఏం చదివారు?"

"ఆ... ఆ..." అనేవాడు కుర్చీలోని మనిషి.

"అదే. ఏమీ లేదు," అని జవాబు తనే చెప్పుకుని డ్రిల్లు ఆన్ చేసేవాడు.

జనమంటే ఆయనకి అంత చులకన. ఏడాదికి వంద పుస్తకాలు చదవాలని ఆయన పంతం. చదివినవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకునేవాడు. పేరు, ముగించిన తేదీ, పక్కన ఒక్క ముక్కలో తీర్పు. "సాగదీత." "రచయితకి విశ్రాంతి అవసరం." "కాగితం దండగ." ఏడాది చివర ఆ జాబితా అంతా అందంగా టైపు చేయించి, ఫ్రేము కట్టించి, క్లినిక్‌లో జనం కూర్చునే గదిలో వేలాడదీసేవాడు. పన్ను నొప్పితో చెంప పట్టుకుని కూర్చున్న వాళ్లకి చూడ్డానికి అది తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

పోనీ, ఈ మహానుభావుడు చదివే తీరైనా చెప్పుకోదగ్గదా అంటే అదీ లేదు. మొదట నాలుగు పేజీలు, మధ్యలో వేలు పడ్డచోట ఒకటి, ఓపికుంటే చివరి పేజీ. "నోరెలా ఉందో తెలియడానికి ముప్పై రెండూ పీకి చూడాలా ఏంటి?" అనుకునేవాడు. వందో పుస్తకం మీద పడ్డ కన్ను చేతిలో ఉన్న పుస్తకం మీద ఎప్పుడూ నిలిచేది కాదు.

ఆయన భార్య వీధి మలుపులో మందుల షాపు నడిపేది. ఆవిడ ఒకసారి అడిగింది. "అన్ని చదువుతారు కదా, ఒక్కటైనా నాకు కథలా చెప్పొచ్చుగా?"

"నీకెందుకు? బిళ్లలు లెక్కపెట్టుకో," అన్నాడు. ఆవిడ మళ్లీ అడగలేదు.

వాళ్లది పై వాటా. కింది వాటాలో రిటైరైన టైపిస్టు ఒకావిడ ఒంటరిగా ఉండేది. ఏడాది ఇంకొన్ని రోజుల్లో అయిపోతుందనగా ఆవిడ ఆసుపత్రిలో పోయింది. ఇల్లు ఖాళీ చెయ్యడానికొచ్చిన మేనకోడలు మెట్ల దగ్గర డాక్టరుని ఆపింది.

"సార్, అత్త పుస్తకాలున్నాయి. చిత్తు కాగితాలకి వెయ్యబుద్ధి కావట్లేదు. మీకేమైనా పనికొస్తాయేమో చూస్తారా?"

ఆ ఏడాది ఆయన జాబితా వందకి ఇంకా కాస్త దూరంలోనే ఉంది. చూద్దాం అన్నట్టు మొహం పెట్టి లోపలికి వెళ్లాడు. అట్టలు ఊడిన పాత నవలలు. ప్రతి దాని చివరి పేజీలోనూ గుండ్రటి అక్షరాలతో ఒక తేదీ, కింద ఒక మాట. టైపిస్టమ్మ కూడా లెక్క రాసుకునేదన్నమాట.

"'చాలా బాగుంది. చిన్నవాడు బతికుంటే ఇంకా బాగుండేది,'" అని పైకి చదివి గట్టిగా నవ్వాడు. "ఇదా అభిప్రాయం? ఇలాంటి వాళ్లు చదివినా ఒకటే, చదవకపోయినా ఒకటే."

మేనకోడలి మొహం చిన్నబోయింది. "అత్తకి అలా రాయడమే తెలుసు సార్."

ఆయన పల్చటివి ఏరి చంకలో పెట్టుకున్నాడు. వాటిలో ఒకదాని మధ్యలో తలపిన్ను ఉంది. చివరి పేజీ ఖాళీ.

"అది పూర్తి చెయ్యలేదు సార్. ఆసుపత్రికి కూడా తీసుకెళ్లింది. చేతులు వణికి పేజీ తిప్పుకోలేకపోయింది. ఆఖరి రోజంతా 'ఆ పిల్ల దొరికిందా' అని అడుగుతూనే ఉంది. మందు మత్తులో ఎవరినో తలుచుకుంటోందనుకున్నా. తర్వాత చూస్తే... ఈ కథలో పిల్లట."

"పోయేముందు కూడా కాలక్షేపమే," అని పిన్ను లాగి కిటికీలోంచి అవతల పారేశాడు డాక్టరు.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. భార్య ఇంకా షాపులోనే ఉంది. ఆయన బల్ల ముందు కూర్చుని, తెచ్చిన పుస్తకాల పేర్లు ఒక్కొక్కటే తన జాబితాలోకి ఎక్కించాడు. ఒక్కదాన్నీ తెరవలేదు. తీర్పులు మాత్రం చకచకా వచ్చాయి. "పాత చింతకాయ." "ఏడుపు." పిన్నున్న నవల దగ్గరికొచ్చేసరికి కొత్తగా ఏదైనా రాయాలనిపించింది. ఒక్క క్షణం ఆలోచించి, "ముగింపు పేలవం," అని రాశాడు. బాగుందనిపించి కింద గీత కూడా గీశాడు.

కరెంటు పోయింది.

వీధంతటికీ పోయింది. కిటికీ అద్దం మీద వాన తప్ప ఏ చప్పుడూ లేదు. చీకటికి కళ్లు అలవాటు పడుతుండగా, మెల్లగా ఒక వాసన వచ్చింది. ఫినాయిలు, చవక పౌడరు, రోజుల తరబడి మార్చని దుప్పటి... అన్నీ కలిసిన వాసన. క్లినిక్ వాసన బట్టలకి పట్టి ఉంటుందిలే అనుకున్నాడు. ముక్కు దగ్గరికి చొక్కా లాక్కుని చూశాడు. చొక్కాకి సబ్బు వాసనే వస్తోంది.

ఎదురుగా ఉన్న పేము కుర్చీ కిర్రుమంది. బరువుగా ఉన్న మనిషి చూసుకుని, జాగ్రత్తగా కూర్చున్నట్టు.

"వచ్చేశావా?" అన్నాడు. తలుపు చప్పుడు కాలేదని అప్పుడు గుర్తొచ్చింది.

కుర్చీలోంచి ఊపిరి చప్పుడు వచ్చింది. గొంతులో గురగురలాడే ఊపిరి.

తర్వాత, చాలా మెల్లగా...

"ఎలా ముగిసింది?"

ఆయన తన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"పేలవం అన్నారుగా..." అంది ఆ గొంతు. కోపం లేదు. కొట్టు దగ్గర నిలబడి సరుకు అడిగినట్టు అడుగుతోంది. "ఆ పిల్ల దొరికిందా?"

ఎన్ని నోళ్లు మూయించిన మనిషి! ఆ స్థితిలో కూడా పాత విద్యే వాడాడు. "దొరికింది," అన్నాడు. "దొరుకుతుంది. అందరూ సుఖంగా ఉంటారు."

"ఎక్కడ దొరికింది?"

"ఊళ్లో."

"ఏ ఊళ్లో?"

ఆయన నోరు తెరుచుకుంది. "ఆ... ఆ..." అన్నాడు.

పేము కుర్చీ నేల మీద జరిగింది. ఆయన వైపు.

"చదువు."

ఫోను లైటు వేశాడు. వెలుతురు పేజీ మీద పడేలా పట్టుకున్నాడు గానీ ఎదుటికి తిప్పడానికి ధైర్యం చాలలేదు. ఏటి ఒడ్డున బట్టలుతికే కొట్టు నడిపే ఇద్దరు అక్కచెల్లెళ్ల కథ అది. వరదలో చెల్లెలు కొట్టుకుపోయింది. అక్క ఊరూరా వెతుకుతోంది. పిన్ను అచ్చు పడి ఉన్న పేజీ నుంచి మొదలుపెట్టాడు. మూడు పేజీలు చదివి, అలవాటు కొద్దీ, నాలుగైదు కలిపి ఒకేసారి తిప్పేశాడు.

ఆ పేజీలు వెనక్కి వచ్చాయి.

ఒక్కొక్కటే... నిదానంగా... ఎవరో వేలితో తిప్పినట్టు వెనక్కి వచ్చి, ఆయన వదిలేసిన వాక్యం దగ్గర ఆగాయి. ఆయన బొటనవేలి మీద చల్లటి బరువేదో ఆనింది.

"దాటెయ్యొద్దు," అంది గొంతు. ఇప్పుడది చెవి దగ్గరే ఉంది.

జీవితంలో మొదటిసారి ఆ మనిషి ఒక పుస్తకాన్ని ఒక్క అక్షరం వదలకుండా చదివాడు. అక్క సంతలో అడిగింది, సత్రంలో అడిగింది, పడవవాళ్లని అడిగింది. ఒక్కో చోట పక్కనున్న ఊపిరి ఆగేది. ఒక్కో చోట చిన్నగా నవ్వినట్టయ్యేది. ఆయనకి కథేమీ పట్టడం లేదు. ఇంకా ఎన్ని పేజీలున్నాయన్నదే చూసుకుంటున్నాడు.

ఆఖరి పేజీ వచ్చింది. పిల్ల దొరకలేదు. అక్క ఇంటికి తిరిగొచ్చి, కొట్టు తలుపులు తీసి, పొయ్యి వెలిగించింది. అంతే.

"అయిపోయింది," అన్నాడు.

పక్కన ఊపిరి లేదు. ఆయన కళ్లు గట్టిగా మూసుకుని, పుస్తకం గుండెకి ఆనించుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాడు. చెవుల్లో హోరు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

లైట్లు వెలిగాయి.

పేము కుర్చీ ఎప్పుడూ ఉండే చోటే ఉంది. ఖాళీగా. నెత్తిన నీళ్లు పోసుకున్నట్టు చెమట కారుతోంది ఆయనకి. అయినా ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది? ఊపిరి తిరిగిన మరుక్షణమే పెదవి విరిచాడు. అలసట. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. పైగా... నిజంగానే ముగింపు పేలవం. తను రాసిందే రైటు. ఆ ఆలోచనకి నవ్వు కూడా వచ్చింది.

అప్పుడు చూశాడు. గుమ్మంలో భార్య నిలబడి ఉంది. తలుపు ఎప్పుడు తెరుచుకుందో తెలియదు. చీర అంచు తడిసి నేల మీద నీళ్లు కారుతున్నాయి.

"అక్కడే నిలబడ్డావేం? లోపలికి రా," అన్నాడు.

ఆవిడ కదల్లేదు. "ఎవరొచ్చారు?" అంది గొంతు తగ్గించి.

"ఎవరూ రాలేదు. నేనే పైకి చదువుకుంటున్నా."

"మీ గొంతు కాదు. మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఆడమనిషి చదువుతోంది. మీరు ఫోనులో ఏదో పెట్టుకుని వింటున్నారనుకున్నా." ఆవిడ చూపు పేము కుర్చీ మీంచి కదలడం లేదు. "'షాపు కట్టేసి ఆవిడ ఇంటికొచ్చింది, గొడుగు మడిచింది,' అని చదివింది. నేను అప్పుడే మడిచాను. 'పై మెట్టు మీద కాలు జారబోతే గోడ పట్టుకుంది,' అంది. అప్పటికింకా నేను కిందే ఉన్నానండీ. పైకొచ్చాక జారింది."

ఆయన చేతిలో పుస్తకం బరువెక్కింది.

"ఇంకా?"

"'లోపలికొచ్చి, చెప్పులు విప్పి, ఆ కుర్చీలో కూర్చుంది,' అంది."

ఆవిడ కాళ్లకి చెప్పులు అలాగే ఉన్నాయి. ఒక చేత్తో గుమ్మం గట్టిగా పట్టుకుంది.

"ఆ తర్వాత ఇంకో వాక్యం చదివి, 'అయిపోయింది,' అని ఆపేసింది," అంది. "ఆ వాక్యం మీ గురించి."

ఏమిటది అని ఆయన ఎంత అడిగినా ఆవిడ చెప్పలేదు. కుర్చీ మీంచి చూపు తిప్పకుండా, వెనక్కి అడుగులు వేసుకుంటూ, మెట్లు దిగడం మొదలుపెట్టింది.