జలపాతం ముందు నాలుగు సెకన్లు

తన ఫోటోకి అడ్డం వచ్చిందని కుసూరో చెలిమోతో గొడవకి దిగాడు. అడ్డం వచ్చినా ఆ ఫోటోలో తాను లేనందుకు చెలిమో అంతకంటే పెద్ద గొడవకి దిగింది. వాళ్ల పరిచయం అలా మొదలైంది.

కప్సిరో జలపాతం అడుగున, తడి రాళ్ల మీద, అతను కెమెరాని స్టాండుకి బిగించాడు. వెలుతురు తగ్గించడానికి లెన్సు మీద నల్ల అద్దం తొడిగాడు. షట్టరు నాలుగు సెకన్లు తెరిచి ఉండేలా పెట్టి మీట నొక్కాడు. సరిగ్గా అప్పుడే, టూరిస్టులకి దారి చూపించే ఈ పిల్ల, ముదురు నీలం స్వెట్టరు వేసుకుని, చేతికర్రల కట్ట భుజాన పెట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివరకి చకచకా నడిచిపోయింది.

అతను కేకేశాడు. ఆమె వెనక్కి వచ్చి, చూపించమంది. చూస్తే తెరమీద రాళ్లున్నాయి, నాచుంది, పాలు ఒలికినట్టు నీళ్లున్నాయి. మనిషి జాడే లేదు.

"నేను నడిచి వెళ్లానా, లేదా?"

"వెళ్లావు."

"మరి ఇందులో నేనెక్కడ?"

షట్టరు అంతసేపు తెరిచి ఉంచితే ఆగి ఉన్నవే అచ్చు పడతాయనీ, కదిలేవి చెరిగిపోతాయనీ కుసూరో ఓపిగ్గా చెప్పాడు. కాస్త నిలబడి ఉంటే నువ్వూ పడేదానివి అన్నాడు.

"నిలబడటం నాకు చేతకాదు. కావాలంటే మా అమ్మనడుగు," అని ఆమె వెళ్లిపోయింది.

అడగక్కర్లేకుండానే వాళ్లమ్మ చెప్పింది. కాలుగాలిన పిల్లి అయినా రాత్రికి ఒక మూల పడుకుంటుందనీ, తన కూతురికి ఆ మూల కూడా లేదనీ లోర్నా ఊరందరికీ చెప్పే మాటే అది. ఆ కొండమీద కాఫీ రైతుల సంఘానికి ఆమే పెద్ద. కుసూరో వచ్చింది ఆ సంఘం పని మీదే. ఇన్నాళ్లూ గింజలు మూటల్లో అమ్ముకున్నవాళ్లు ఈసారి సొంత ప్యాకెట్టు వేయిస్తున్నారు. దాని మీదికి తమ జలపాతం ఫోటో కావాలి. ఫోటో నచ్చితే సంఘం ఫోటోల పనంతా అతనిదే, గోదాం పక్క గదిలో ఉండొచ్చు. నచ్చకపోతే ఎంబాలే పట్నంలో బాబాయి స్టూడియో ఎలాగూ ఉంది. నీలం కర్టెను ముందు కూర్చున్నవాళ్లని నవ్వొద్దని చెబుతూ పాస్‌పోర్టు ఫోటోలు తీస్తూ బతకాలి. అక్కడికి వెళ్లాలని అతనికి ముందే లేదు. నీలం స్వెట్టరుని చూశాక అసలే లేదు.

సంఘం వాళ్లు గోదాంలో కూర్చుని, పాల నీళ్ల ఫోటోని చేతులు మార్చుకుంటూ చూశారు. చివరికి మంగుషో తాత దాన్ని దూరంగా పట్టుకుని, "బాగుంది నాయనా. ఇది ఎవరి జలపాతం?" అన్నాడు.

మనదే తాతా అన్నా ఆయన ఒప్పుకోలేదు. కప్సిరో నీళ్లు మూడు పాయలుగా పడతాయి. నడిమిది లావు, ఎడమది వంకర, కుడిది ఎండాకాలంలో సగంలోనే తెగిపోతుంది. పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిన సంగతి. నాలుగు సెకన్లలో ఆ మూడూ కలిసి ఒకే తెల్ల దుప్పటి అయ్యాయి. ఒకే దుప్పటిలా పడే నీళ్లు పక్క కొండవాళ్లవి. ఎవరి కాఫీ గొప్పదని తాతల నాటి నుంచీ వాళ్లతో పేచీ నడుస్తోంది. మన కాఫీ మీద వాళ్ల నీళ్లేమిటని అందరూ ఒక్క మాటగా అన్నారు. రేపు సాయంత్రంలోగా మూడు పాయలూ పట్టుకు రమ్మంది లోర్నా. లేకపోతే వేరే మనిషిని చూసుకుంటామంది.

మర్నాడు అతను షట్టరు విషయంలో ఆ చివర నుంచి ఈ చివరకి వచ్చాడు. నల్ల అద్దం తీసేసి, షట్టరు సెకనులో వెయ్యో వంతుకి పెట్టాడు. పాయలు మూడూ వచ్చాయి, చుక్క చుక్కా గాజుపూసలా వచ్చింది. టూరిస్టుల్ని పైకి పంపించి చెలిమో వచ్చి చూసింది.

"ఇవి పడటం లేదు. వేలాడుతున్నాయి," అంది.

కుసూరోకి రోషం రావాలి. రాలేదు, ఎందుకంటే ఆమె చెప్పింది నిజం. మరి నీకెలా కనిపిస్తాయో చెప్పమని అడిగాడు. నవ్వులాటకి అడుగుతున్నాడేమోనని ఆమె ఒకసారి మొహంలోకి చూసింది.

"నడిమి పాయతో పాటు నీ చూపు కూడా కిందికి దించు. చుక్కలు కనిపించవు, పాలూ కనిపించవు. ప్రతి చుక్క వెనకా దాని తోక కనిపిస్తుంది. అంతవరకే కావాలి మాకు."

అతను చూపు దించాడు. నిజంగానే తోకలు. ఇన్నేళ్లు కెమెరా మోసి నీళ్లని ఇంత శ్రద్ధగా తానెప్పుడూ చూడలేదనిపించింది. ఈ పిల్ల పక్కన నిలబడి చూస్తే ఇంకా ఏమేం కనిపిస్తాయో అనుకున్నాడు.

అర సెకను పెడితే పాయలు అంచుల దగ్గర కలిసిపోయాయి. అరవయ్యో వంతు పెడితే మళ్లీ బిగుసుకున్నాయి. ఎనిమిదో వంతు దగ్గర కుదిరిందనుకున్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. తెల్లవారుజామున పైన వాన పడిందనీ, ఇవాళ నీళ్లకి తొందరెక్కువనీ, నిన్నైతే ఇది సరిపోయేదనీ చెప్పింది. పదిహేనో వంతుకి మార్చాడు. మూడు పాయలూ దేనికది విడిగా, తోకలతో సహా, బరువుగా దిగుతూ వచ్చాయి. చెలిమో తెర మీద నుంచి కళ్లు తిప్పుకోలేదు. ఏ మెప్పూ అతన్ని అంత సంతోషపెట్టలేదు.

తర్వాత అతను నల్ల అద్దం మళ్లీ తొడిగాడు. కుదిరింది కదా, ఇంకా దేనికని ఆమె అడిగింది.

"ఇది ప్యాకెట్టుకి కాదు, నాకు. షట్టరు నాలుగు సెకన్లు తెరుస్తాను. నేనంటే ఇష్టమైతే ఆ రాతి మీద నిలబడు. లేకపోతే ఎప్పట్లాగే నడిచి వెళ్లిపో. ఫోటోలో చెరిగిపోతావు, నేనిక ఆ మాట ఎత్తను."

మీట నొక్కి అతను తల వంచుకున్నాడు. అటు చూసే ధైర్యం లేక స్టాండు కాళ్ల కేసి చూశాడు. షట్టరు టక్కున మూసుకున్నాక కూడా తెర వైపు చూడటానికి కాసేపు పట్టింది.

సాయంత్రం గోదాంలో మంగుషో తాత వేలు పెట్టి లెక్కపెట్టాడు. లావుది, వంకరది, తెగేది. "ఇది మనదే," అని ఫోటోని గుండెకి ఆనించుకున్నాడు. కుసూరోకి గోదాం పక్క గది తాళం చెవి ఇచ్చారు.

అందరూ లేచాక లోర్నా కెమెరా ఇటిమ్మని, మిగతావి కూడా తిప్పి చూసింది. ఒకదాని దగ్గర వేలు ఆగింది. వెనక నీళ్లన్నీ పాలు. గాలికి స్వెట్టరు కొస చెదిరిపోయింది. ఆ నీళ్ల ముందు ఒక పిల్ల, చెక్కుచెదరని మొహంతో, నేరుగా కెమెరా వెనకున్న వాడినే చూస్తోంది.

"ఎంతసేపు నిలబడిందిది?"

"నాలుగు సెకన్లమ్మా."

"కదలకుండా?"

"కదలకుండా."

లోర్నా కెమెరా తిరిగిచ్చింది. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "పుట్టినప్పటి నుంచీ దాన్ని ఒక్కచోట నిలబెట్టడం నా వల్ల కాలేదు. ఆదివారం మీ పెద్దవాళ్లని తీసుకురా బాబూ. మొక్కజొన్న పిండితో పోషో కలుపుతాను, కోడిని కోస్తాను," అంది.

చేతికర్రల కట్ట గోదాంలో పెట్టి అప్పటికే గుమ్మం దాటబోతున్న చెలిమో, ఈసారి కెమెరా లేకుండానే, నిలబడిపోయింది.