లిస్టులో దాటిపోయిన పేరు

విస్సన్నపేట బస్టాండులో పట్టపగలు ప్రేమ్ కిరణ్‌ని కాల్చి చంపారు. బస్సు టికెట్టు అతని చేతిలోనే ఉంది.

తొమ్మిదో రోజున అతని చెల్లెలు, సీక్రెట్ ఏజెంట్ గ్లోరి, చీఫ్ రాంప్రసాద్ ఎదుట నిలబడింది.

"మన ఏజెంట్ల లిస్టు విదేశీ ముఠాకి చిక్కింది. వాళ్ళ ప్రోగ్రాం ఒక్కో ఫోన్ నంబరే తీసుకుని, ఆ మనిషి ఎక్కడున్నాడో హంతకులకి మెసేజ్ పంపుతుంది. ఆరుగురిలో ముగ్గురు పోయారు."

"మిగతా ముగ్గురం ఎలా బతికాం సార్?"

"లూపులో, అంటే లిస్టులోని పేర్లని వరసగా తీసుకునే భాగంలో, తప్పు. మెసేజ్ వెళ్ళిన పేరుని అక్కడికక్కడే చెరిపేశారు. కింది పేరు ఆ ఖాళీలోకి జరిగింది. లూపు దాన్ని చూడకుండా ముందుకెళ్ళింది. మీ అన్నయ్య కింద ఉన్నది నీ పేరే."

అన్న చావే తనకు ప్రాణం పోసిందన్నమాట.

"ఇప్పుడా తప్పు దిద్దుకున్నారు, పేర్లు చెరపడం మానేశారు. ఇవాళ పన్నెండింటికి మళ్ళీ నడుపుతారు. తిరువూరు, మామిడికాయల గోడౌను. నాయకుడు జయకర్. హంతకులకి వాడి మొహం, పేరు కూడా తెలీదు, అంతా ఫోన్లోనే. కోడ్ రాసింది మన ఆఫీసులోని భానుశ్రీ."

అన్న సమాధి దగ్గర తన భుజం మీద తలవాల్చి ఏడ్చిన భానుశ్రీ!

పదకొండు యాభై ఎనిమిది. కాయలు ఏరే కూలీ వేషంలో గ్లోరి టీ గ్లాసుతో కంప్యూటర్ గదిలోకి వెళ్ళింది. కంప్యూటర్ ముందు భానుశ్రీ. నల్లకళ్ళద్దాలు, ఎర్ర సిల్కు చీర, గదంతా సెంటు.

"అక్కడ పెట్టమ్మా," అంటూ భానుశ్రీ తలెత్తింది. గుర్తుపట్టింది. చెయ్యి పిస్టల్ మీదికి పోయింది. గ్లోరి గాజులోని మత్తుసూది అంతకు ముందే ఆమె మణికట్టులో దిగింది.

"గ్లోరీ... నన్ను బలవంతపెట్టారే..."

"లేచాక చెబుదువుగాని, కోర్టులో."

ప్రోగ్రాంని ఆపేయొచ్చు. ఆపితే హంతకులు దొరకరు. గ్లోరి భానుశ్రీ ఫోన్లో చూసి లిస్టు పైన జయకర్ పేరు, నంబరు కొట్టింది. తర్వాతి పేరుకి వెళ్ళమని చెప్పే లైను చెరిపేసింది. కొత్తగా కోడ్ నేర్చుకునేవాళ్ళు రాయడం మరిచిపోయే లైను అది. అది లేని లూపు మొదటి పేరు దగ్గరే తిరుగుతుంది. ఆఖరి సెకనులో సేవ్ నొక్కింది.

జయకర్ గోడౌనులో ఎటు పరిగెత్తినా వాడి అడ్రసు హంతకులకి అందుతూనే ఉంది. హంతకుల్లో ఒక్కొక్కడే అక్కడికి వచ్చాడు. హమాలీల వేషంలో ఉన్న రాంప్రసాద్ మనుషులు ఒక్కొక్కడినే పట్టుకున్నారు. చివరికి జయకర్ చేతులెత్తి గ్లోరి ముందు మోకరిల్లాడు.

"నన్ను అరెస్టు చెయ్యండమ్మా! బయటుంటే చంపేస్తారు!"

"మా అన్నయ్య పేరు చెప్పు."

"ప్రేమ్ కిరణ్!"

"మళ్ళీ."

"ప్రేమ్ కిరణ్!"

"మళ్ళీ."

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా?"

గ్లోరి బేడీలు బయటికి తీసింది గానీ వాడికి వెయ్యలేదు.

"లెక్క పెట్టట్లేదు. చెప్పు."