లాయరుకి పని కావాలి

మా చిలకకి లాయరని పేరు పెట్టింది అమ్మ. పొద్దున లేచింది మొదలు ఎవరితోనో వాదిస్తున్నట్టే అరుస్తుంది మరి. నేను ఇంట్లో కూర్చునే ఇళ్ల ప్లాన్లు గీస్తాను. ఆ అరుపులకి గీతలు వంకర పోవడం నాకు అలవాటే. కింది ఫ్లోర్ అమ్మాయికి మాత్రం అలవాటు కాలేదు. ఆమె పిల్లల కోసం ఆడియో పాఠాలు రికార్డు చేస్తుంది. ఓ వానరోజు హెడ్‌ఫోన్స్ మెడలో వేసుకునే పైకొచ్చి, తన పాఠంలో సింహం కూడా చిలక గొంతుతో గర్జిస్తోందని దెబ్బలాడింది.

నేను సారీ చెప్పేలోపే ఆమె చూపు పంజరం మీద పడింది. కోపం ఎటు పోయిందో తెలీదు.

"దీనిది పొగరు కాదండీ, బోరు. రోజంతా ఒకే కర్ర మీద కూర్చోబెడితే మీరైనా అరుస్తారు."

మర్నాటి నుంచి వస్తూనే ఉంది. గింజలు గిన్నెలో పోయకుండా కాగితంలో చుట్టి ముడివేసేది. లాయరు విప్పుకుని తినాలి. కర్రల చోటు మార్చేది. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, దాన్ని గదిలోకి వదిలేది. అది నా స్కేలెక్కి నడుస్తుంటే నేను ఆమెని చూసేవాణ్ణి, ఆమె చూస్తే ప్లాను చూసేవాణ్ణి. ఆ ధ్యాసలో ఒకరి ఇంటికి తలుపు పెట్టడమే మర్చిపోయాను.

చిక్కల్లా వైద్యం పనిచెయ్యడమే. లాయరు ముడుల్లో పడి నోరు మూసింది. ఇక రావడానికి ఆమెకి సాకు లేదు, పిలవడానికి నాకు ధైర్యం లేదు. కాలుగాలిన పిల్లిలా గదిలో తిరిగాను. ఈసారి బోరు నాది.

ఓ సాయంత్రం లాయరు ఇల్లెగిరిపోయేలా అరిచింది. ఆమె పరుగున వచ్చింది. పంజరంలో ఒక్క ముడీ లేదు. అన్నీ నా టేబుల్ కిందే దొరికాయి.

"నన్ను రప్పించడానికి దీన్ని ఏడిపిస్తారా? ఇంక నేను రాను."

నేను తియ్యలేదంటే నమ్మలేదు. ఆమె గుమ్మం దాటుతుండగా వంటింట్లోంచి అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"వాడు కాదమ్మా, నేనే. ఇప్పుడే తీశాను. వీడేమో గదిలో కాలు నిలవకుండా తిరుగుతున్నాడు. నువ్వేమో సగం మెట్లెక్కి వెనక్కి పోతున్నావు. మీ ఇద్దరికీ నోరు పెగలదు, దానికైనా ఉందిగా అని."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. మెట్ల సంగతి కాదనలేదు. అమ్మ ముడులన్నీ పంజరంలో పెట్టి, స్టవ్ మీద పాలు గుర్తొచ్చి లోపలికి పోయింది.

"రేపు అది అరవకపోయినా వస్తారా?" అడిగాను.

"దాన్ని ఏడిపించొద్దు. కావాలంటే మీరే అరవండి."

అనేసి దిగిపోతోంది. నేను మెట్ల మీంచి వంగి, మీరంటే నాకిష్టమని గొంతు చించుకుని అరిచాను. అన్ని ఫ్లోర్లలో తలుపులు తెరుచుకున్నాయి.

కింద రికార్డింగ్ ఆన్‌లోనే ఉందని, పాఠమంతా పాడైందని తిట్టుకుంటూ ఆమె మళ్ళీ పైకెక్కింది. ఈసారి నవ్వుతోంది.