ఫుల్ సిగ్నల్ ఉన్న వీధి

సగంలో ఆగిపోయిన ఆ ఐదంతస్తుల మేడ మంచిది కాదని అందరూ అంటారు. చీకటి పడ్డాక దాని మీద మొహాలు తేలతాయట... ఒళ్లు ఉండదు, ఉత్త మొహాలే.

ఇది మా బావ నోటివెంట విన్నదే. నేనేం కల్పించట్లేదు.

బావ పని చెబితే నవ్వుతారు. కార్లో ఐదు ఫోన్లు పెట్టుకుని వీధి వీధీ తిరగడం — నెట్ ఎంత స్పీడొస్తోంది, వీడియో ఎక్కడ ఆగుతోంది, కాల్ ఎక్కడ తెగుతోంది, అన్నీ కొలవడం. పగలు ట్రాఫిక్‌లో కారు కదలదు కాబట్టి రాత్రిళ్లే. పన్నెండేళ్లుగా ఇదే చాకిరీ. నడుం పోయింది, నిద్ర పోయింది. ఇంటికి చుట్టపు చూపుగా వస్తాడని మా అక్క సణుగుడు.

ఆ మేడ ఉన్న వీధిలోకి మాత్రం కొలిచేవాళ్లెవరూ వెళ్లరు. పక్కవీధిలో వచ్చిన అంకెలే దీనికీ వేసేస్తారు. బావ కూడా అంతే, మూడేళ్లు అలాగే వేశాడు.

ఈసారి ఆఫీసువాళ్లు మెలిక పెట్టారు. చేత్తో రాసేది లేదు, ఏ వీధి కొలత ఆ వీధిలోంచే ఫోన్లో పంపాలి. ఒక్క వీధి తగ్గినా ఉద్యోగం ఊడినట్టే.

వెళ్లాడు పాపం. మలుపు తిరగ్గానే — ఐదు ఫోన్లలోనూ ఒక్క గీతా లేదు. ఆ సంగతి పంపాలన్నా సిగ్నల్ కావాలిగా! ఇక మిగిలింది ఒకటే దారి... ఆ మేడ ఎక్కడం.

ఎక్కాడు. రెండో అంతస్తు... మూడు... మోకాళ్లు పీకేస్తున్నాయి. భయపడే ఓపిక కూడా లేదురా అన్నాడు నాతో. నాలుగు దాటాక, పైనుంచి గుసగుసగా —

"వినపడుతోందా...?"

బావ అడుగు మెట్టు మీదే ఆగిపోయింది.

"నేనే... వినపడుతోందా...?"

తలెత్తాడు. చీకట్లో తెల్లగా ఒక మొహం. దాని వెనక ఇంకోటి... ఇంకోటి.

"ఎవరు నాయనా?"

ఒక పెద్దావిడ. చెవి దగ్గర ఫోను, ఆ వెలుగే మొహాన పడుతోంది. మిగతావాళ్లూ అంతే — ఫోన్లు పైకెత్తి నిలబడ్డ ఆ వీధి జనం.

"మా వీధికి సిగ్నల్ దొరికేది ఇక్కడే నాయనా" అందావిడ. "పోయినేడు మా ఆయనకి గుండెనొప్పొస్తే, అంబులెన్సుకి ఫోన్ చెయ్యడానికి ఈ మెట్లే ఎక్కాను. దిగేసరికి... అంతా అయిపోయింది."

మళ్లీ తనే అంది. "టవరు పెట్టండయ్యా అని ఎన్ని అర్జీలిచ్చామో! మీ వీధిలో సిగ్నల్ బ్రహ్మాండమని కాగితం చూపిస్తారు. ఎవడో వచ్చి కొలిచాట్ట."

బావ చేతిలో ఫోను చిన్నగా మోగింది. కొలత వెళ్లిపోయింది — సున్నా అని. ఉద్యోగం నిలబడింది.

"ఇంతకీ నువ్వెవరు, ఈ వేళప్పుడు?"

"దారి తప్పానమ్మా" అన్నాడట.

"అయ్యో!" అంటూ ఆవిడ అంతసేపటికి కలిసిన కాల్ కట్ చేసి, ఫోన్లో లైటు వేసి, కిందిదాకా తోడొచ్చింది. మలుపు మలుపుకీ ఒకటే మాట —

"చూసుకో నాయనా... పక్కన గోడల్లేవు, పడిపోతావ్."