అద్దం పక్క సందు

ఆ మేడ మీది గదికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక ఆ మెట్లు ఎక్కిన మనిషిని నేనైతే చూడలేదు.

పూర్వం అది సెలూన్. ముప్పై ఏళ్లు ఒకే మనిషి నడిపాడు. గోడకు నిలువెత్తు అద్దం. అద్దం పక్కన ఇటుకల మధ్య వేలెడంత వెడల్పు సందు. వాడేసిన బ్లేడు ఎవరి కాల్లోనూ గుచ్చుకోకుండా ఆ సందులోకి జార్చేసేవాడు. గోడ లోపల బోలు. ఎంత లోతో ఆయనకీ తెలియదు.

ఒక సాయంత్రం పని ముగించుకుని, గిరాకీల కుర్చీలో తనే కూర్చుని, తన గడ్డానికి తనే నురగ రాసుకుని… అలాగే ఉండిపోయాడు.

అప్పటినుంచి మొదలైంది. దీపాలు ఆర్పే వేళకి గోడలోంచి శబ్దం — గరగర… గరగర… ఎవరో కత్తి నూరుతున్నట్టు. అద్దం దగ్గర పెట్టిన వస్తువు తెల్లారేసరికి ఉండదు. ఫోటోలు తీసే అతనొకడు చేరి నెల తిరక్కుండా ఖాళీ చేశాడు. గడియారాలు బాగుచేసే ఆయన వారం కూడా నిలవలేదు.

ఆ తరవాత చేరింది మా వదిన. నా మేనమామ కూతురు. బట్టలు కుడుతుంది. వీధిలో అందరికీ కత్తెరమ్మ.

"కత్తి నూరేవాడికి కత్తెర భయపడుతుందా?" అని నవ్వి, మిషను మోయించుకుని మెట్లెక్కింది.

ఇక్కణ్ణుంచి రాసేది ఆవిడ నోట విన్నదే. విన్న రాత్రే కాగితం మీద పెట్టుకున్నాను. నా వయసులో తలను నమ్ముకుని కూర్చోకూడదు.

వదినకొక అలవాటుంది. కత్తెర, టేపు, సూదుల డబ్బా — తనదైన ప్రతి వస్తువుకూ ఎర్రదారం మూడు చుట్లు చుట్టి, కొసను ఎడమపక్కకు దోపుతుంది. ఆవిడది ఎడమచేతి వాటం. ఆ ముడి ఇంకొకరికి రాదు. నేనూ ప్రయత్నించాను. రాలేదు.

నెల కిందట బ్యాండు మాస్టరు కోటు కుట్టమని గుడ్డ ఇచ్చాడు. దాంతోపాటు ఆరు వెండి బటన్లు. వాళ్ల నాన్న కోటువట. కోటు చీకిపోయినా బటన్లు వదల్లేదు. వదిన వాటిని చిన్న గుడ్డసంచిలో వేసి, ఎర్రదారంతో మూతి కట్టి, అద్దం అంచున పెట్టింది.

మర్నాడు లేవు.

"మొన్న కళ్లజోడు. అంతకుముందు టేపు. ఇప్పుడు పరాయివాళ్ల వెండి!" అంది కూతురు.

"గోడ మింగింది."

"గోడలు మింగవమ్మా. మనుషులు మరిచిపోతారు."

"ఎవరు, నేనా? పదిహేనేళ్ల కిందట మాస్టరు పెళ్లికోటు — ఛాతీ ముప్పై ఎనిమిదిన్నర, కుడి భుజం అరంగుళం జారుడు. నీ మొగుడి చొక్కా కొలత నువ్వు చెప్పు, చూద్దాం!"

కూతురు నవ్వలేదు.

"శనివారం మాస్టరొస్తాడు. ఆలోగా బటన్లు దొరక్కపోతే షాపు తాళం నా చేతికిచ్చి ఇంటికొచ్చేయాలి. సరేనా?"

వదిన సరే అంది. అంది గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదట. తాళం కోసం ఇదే తీసి దాచిందేమో… కడుపున పుట్టినదాని మీద అలాంటి ఆలోచన వచ్చినందుకు తనని తనే తిట్టుకుంది. ఆలోచన మాత్రం పోలేదు.

శుక్రవారం సాయంత్రం ఎలక్ట్రికల్ షాపుకు వెళ్లింది. మురుగు పైపులు బాగుచేసే అతను పైపులోకి తీగలాంటి కెమెరా దింపడం ఎప్పుడో చూసింది.

"రండమ్మా, కూర్చోండి," అన్నాడు షాపతను, చుట్టాన్ని చూసినట్టు.

అంగడివాళ్ల విద్య ఆవిడకు తెలియనిదా? కూర్చోలేదు.

"గోడ సందులోకి చూసే కెమెరా కావాలి. చౌకలో. ఇంటికి బాబూ, ఫ్యాక్టరీకి కాదు."

అతను అట్టపెట్టెలు దించాడు. వదిన ఒక్కొక్కటీ గుడ్డ నాణ్యం చూసినట్టు వేళ్లతో నలిపి చూసింది.

"తెరతో వచ్చేది మీకు దండగ. మీ ఫోన్ తెర చాలు, ఈ కొస దానికి గుచ్చితే సరి," అన్నాడతను. "తల లావుది వద్దు, సందులో పట్టదు. తీగ మరీ మెత్తనిదీ వద్దు, ముడుచుకుపోతుంది. ఇది చూడండి, ఎలా వంచితే అలా ఉంటుంది. తల చుట్టూ దీపాలున్నాయి. కొక్కెం దీంతోనే వస్తుంది."

"తీగ పొడవు?"

"మూడు మీటర్లదుంది, ఐదుదుంది."

"మూడు చాల్లే. ఐదు పెట్టి ఎవరికి ఉరేస్తాను?"

అతను పెట్టె మీంచి చెయ్యి తీశాడు.

"ఐదు తీసుకోండమ్మా… మీ గోడకి మూడు చాలదు."

వదిన చేతిలోని తీగను బల్ల మీద పెట్టేసింది.

"నా గోడ లోతు నీకెలా తెలుసు?"

అతను తల దించుకున్నాడు. లేని దుమ్ము తుడిచాడు.

"మూడు రేటుకే ఐదిస్తాను, తీసుకెళ్లండి."

అడక్కుండా తగ్గించేవాణ్ణి నమ్మొచ్చా? వీడెప్పుడైనా పైకొచ్చాడా? కూతురు గానీ చెప్పి పెట్టిందా? ఫోన్ ఇవ్వండి, యాప్ వేస్తానన్నాడు. తీసుకుని, ఒకసారి చూసి, తిరిగిచ్చేశాడు.

"ఉందమ్మా ఇందులో."

ఈ కాలం ఫోన్లు అన్నీ కడుపులో పెట్టుకునే పుడుతున్నాయి కాబోలు అనుకుంది వదిన. కెమెరా మాత్రం తెచ్చుకుంది. చౌక బేరం వదిలే చెయ్యి కాదది.

చీకటి పడింది. వీధిలో ఒక్కో కొట్టూ మూతపడుతోంది. వదిన మిషను దగ్గర కూర్చుని, కెమెరా మెడకు ఎర్రదారం చుట్టింది. మూడు చుట్లు. కొస ఎడమకు.

సందులోకి దింపింది.

ఇటుక… సాలెగూడు… మళ్లీ ఇటుక. సగం తీగ పోయింది. ఇంకా దింపింది. మూడు మీటర్లు దాటింది — అడుగు తగల్లేదు.

గరగర…

చెవి పక్కనే.

గరగర… గరగర…

వదిన తీగ దింపడం ఆపింది. కళ్లు మాత్రం తెర మీదే ఉన్నాయి. అడుగున తుప్పు రంగు గుట్ట… కదులుతోంది.

బ్లేడ్లు! ముప్పై ఏళ్ల బ్లేడ్లు!

కింద కొట్టతను షట్టరు లాగుతున్నాడు. షట్టరు దిగినంతసేపూ గోడ వణుకుతోంది, బ్లేడు మీద బ్లేడు జారుతోంది. షట్టరు ఆగింది. శబ్దమూ ఆగింది.

అంతే. ఇన్నేళ్ల దెయ్యం ఇంతే!

వదిన ఒంటరిగా పకపకా నవ్వింది. నవ్వుతూనే చూసింది — గుట్ట అంచున ఎర్రదారం. గుడ్డసంచి! అద్దం అంచునుంచి జారి సందులో పడిందన్నమాట. కొక్కెం వేసింది. జారింది. మళ్లీ వేసింది… అయిదోసారికి పట్టుకుంది. మెల్లిగా పైకి లాగింది.

ఆరు బటన్లు. ఒక్కటీ తగ్గలేదు.

అప్పుడే మెట్ల కింద కూతురి గొంతు.

"అమ్మా! చీకట్లో ఏం చేస్తున్నావ్?"

"నీ నోరు మూయించే పని చేస్తున్నాను, రా!"

కూతురికి దెయ్యాన్ని చూపిద్దామని కెమెరాను మళ్లీ దింపింది. ఈసారి సంచి లేదు. సంచి ఉన్నచోట గుట్ట కాస్త ఒరిగి ఉంది…

అక్కడొక కన్ను.

నల్లగా, గుండ్రంగా. రెప్ప లేదు. పైకి, సరిగ్గా ఆవిడ వంకే చూస్తోంది.

వదిన తీగ కదిపింది. దాని పక్కనే ఇంకో కన్ను. దాని వెనక… మూడోది.

మెట్ల మీద అడుగులు దగ్గరవుతున్నాయి. కెమెరాను ఇంకాస్త దింపింది.

కళ్లు కావు. గాజు. కెమెరా తలలు. ఒక్కోదాని వెనక నల్లటి తీగ, పాములా చుట్టుకుని బ్లేడ్ల కింద.

ఒక్కోదాని మెడకూ ఎర్రదారం.

మూడు చుట్లు. కొస ఎడమకు.

"ఏం కనిపించిందమ్మా?" గుమ్మంలో కూతురు.

వదిన ఫోన్ ఆర్పేసింది.

"ఏముందే… పాత బ్లేడ్లు."

బటన్లు చూసి కూతురు తల్లి చేతులు పట్టుకుంది. "నిన్ను అనుమానించానమ్మా," అంది. "పోనీలే," అంది వదిన. ఇంకేం అంటుంది? శనివారం మాస్టరు కోటు తొడుక్కుని, అద్దంలో చూసుకుని, వెండి బటన్లు తడుముకుంటూ వెళ్లాడు.

ఆ రాత్రే వదిన మా ఇంటికొచ్చి, తలుపు వేసి, ఇదంతా చెప్పింది.

"మూడుసార్లు కొన్నాను వదినా. మూడుసార్లూ చౌకని మూడు మీటర్లదే కొనుంటాను. అందక కొసదాకా తోసుంటాను, ఫోన్‌లోంచి ఊడి పడిపోయుంటాయి. ఒక్కటీ… ఒక్కటంటే ఒక్కటీ గుర్తు లేదు." గొంతు తగ్గించింది. "పిల్లకు చెప్పకు. తాళం పోతుంది. ఒట్టు వెయ్యి."

వేశాను. ఆవిడ వెళ్లాక కూర్చుని మొత్తం రాసుకున్నాను.

మొన్న మంగళవారం మళ్లీ వచ్చింది. తలుపు తనే వేసింది.

"వదినా, నీకొక సంగతి చెప్పాలి. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు."

అదే సెలూన్. అదే గరగర. అవే బటన్లు. షాపతని మాటలు అక్షరం పొల్లుపోకుండా. కొత్తగా వింటున్నదానిలా కూర్చున్నాను. కళ్ల దగ్గరికొచ్చేసరికి ఆవిడ గొంతు సన్నబడింది, మొదటిసారి లాగే.

"ఎన్ని కళ్లు?" అన్నాను మెల్లిగా.

ఆవిడ వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టింది.

"నాలుగు."

నా చేత ఒట్టు వేయించుకుని లేచింది. నడుముకు షాపు తాళం గలగలమంటూ మెట్లు దిగి వెళ్లింది.

నేను తలుపు గడియ వేసి, పెట్టె అడుగునుంచి కాగితం తీశాను. రెండుసార్లు చదివాను. అప్పుడు తప్పు రాసుకున్నది నేనా, ఆ ఐదు మీటర్లదీ గోడలో పడిపోయిందా?

నా చేతిరాతే.

మూడు.