వాకిట్లో నీళ్లు లేవు

"వాకిలి కడిగి నీళ్లు అట్లే వదిలేస్తే ముసలామె జారి పడదా? తుడిచేదానికి చేతులు రాలేదా నీకు?"

ప్రొద్దుటూరు ఆసుపత్రి వరండాలో అందరూ వింటుండగానే ఆదినారాయణ భార్యను నిలదీశాడు. మాధవి తల వంచుకుంది. లోపల మంచం మీద ఆమె అత్త పద్మావతమ్మ తుంటి ఎముక విరిగి పడుకుని ఉంది. రేపే ఆపరేషన్. బీపీ, షుగరు ఉన్నాయి, గట్టిగా ఏమీ చెప్పలేమని డాక్టరు అనేశాడు... అత్తకు జరగరానిది జరిగితే ఆ నింద బతికినన్నాళ్లూ తన నెత్తినే ఉంటుంది!

కానీ ఆరోజు వాకిట్లో నీళ్లెక్కడివి? కొండాపురం పక్కనున్న వాళ్ల కాలనీకి ఆ పొద్దున కుళాయే రాలేదు. మరి జారి పడ్డానని అత్త ఎందుకు చెప్పినట్టు? గదిలో ఇద్దరే మిగిలినప్పుడు మాధవి ధైర్యం చేసి అడిగేసింది.

"అత్తా, నేను నీళ్లు పోయలేదు గదా."

"తెలుసు," అంది పద్మావతమ్మ కళ్లు తెరవకుండానే. "పాప బండి తగిలింది. ఆ చార్జింగ్ బండికి సప్పుడుండదు, నాకేమో చూపు ఆనదు. వీధిలోకి కాలు పెట్టినానో లేదో, వచ్చి గుద్దింది."

బస్సు వేళకు రావడం లేదని, మొగుడి కాళ్లావేళ్లా పడి కూతురు భావనకు ఆ బండి కొనిపించింది మాధవే! లైసెన్సు అక్కర్లేదు, మెల్లగా పోతుంది అన్నారు. తీరా చూస్తే ముద్దనూరు బడి పిల్లలంతా మెకానిక్ దగ్గర స్పీడు లాకు తీయించుకుని, బడి వదలగానే పందేలు వేసుకుంటున్నారు.

"నీ మొగుడు ఏమన్యాడు? బండి ఎవరికన్నా తగిలిందని తెలిస్తే ఆ పొద్దే బడి బంద్ అన్యాడు గదా. పాపది పదో తరగతి. నిన్ను నేను సదవనీయలే, దాన్నన్నా సదవనీ. అందుకే నీ మీద ఏసినా. తిట్లు నువ్వు పడు. నీకు అలవాటే."

కాపురానికి వచ్చినప్పటి నుంచీ కూరలో ఉప్పెక్కువైనా, బర్రె పాలివ్వకపోయినా తప్పు మాధవిదే. ఈ ఒక్క నిందా బిడ్డ కోసం... మాధవి కళ్లు తుడుచుకుని సరేనంది.

సాయంత్రం పక్కింటి గులాబ్‌బీ ఫోన్ చేసింది. "ఈ పొద్దు కూడా మీ పాప బండి మా మనవడిని రాసుకుంటా పోయింది మాధవీ. వాడు ఆడుకుంటాండాడు. చూసుకోమ్మా."

జేజిని, సొంత నాయనమ్మను పడేసిన పిల్ల మళ్లీ అదే వీధిలో అంతే వేగంగా పోతోందా?

ఆపరేషన్ రోజు పొద్దున్నే లింగాల నుంచి ఆడబిడ్డ దిగింది. ఆదినారాయణ వెంట భావన కూడా వచ్చింది. అత్త మంచం దగ్గరే ఆడబిడ్డ మేనకోడలిని పట్టుకుంది.

"నువ్వు చెప్పు పాపా. ఏం జరిగిందాపొద్దు?"

భావన తల్లి ముఖంలోకి సూటిగా చూసింది. "అమ్మ నీళ్లు పోసింది అత్తా. తుడవమని నేను చెప్పినా, వినలే."

గొంతు కాస్తయినా తడబడలేదు. మాధవి తిట్లు పడటానికి సిద్ధపడింది గానీ, కన్నబిడ్డే సాక్ష్యం చెబుతుందని కలలోనైనా అనుకుందా?

"ఇట్లాంటామెతో మా అమ్మ ఎట్లా ఏగిందో," అంటూ ఆడబిడ్డ బయటికి పోయింది. పద్మావతమ్మ చెయ్యి చాపి కోడలి చెయ్యి అందుకుంది. ఇన్నేళ్లలో అదే మొదటిసారి.

"దాన్ని సదివించాలనుకున్యా గానీ, ఇట్లా తయారు చేయాలని కాదు మాధవీ. రేపు పసిపిల్లోళ్లు అడ్డమొస్తే? నేను లోపలికి పోయి వస్తానో లేదో. నిజం చెప్పేయ్."

మాధవి లేచింది. భావన గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"వద్దమ్మా. పరీక్షలుండాయి. నీకంతా తెలుసని, ఏమీ అనవని జేజి ఫోన్‌లో చెప్పింది."

అంటే... తల్లికి తెలుసని తెలిసే అంత మాట అందన్నమాట. ఈ బిడ్డను ఇలాగే వదిలేస్తే ఏ తల్లి ఒడి ఖాళీ చేస్తుందో...

"ఇదో, ఇట్లా రా," అని వరండాలో ఉన్న భర్తను పిలిచింది మాధవి. "నేను నీళ్లు పోయలేదు."

భావన పారిపోబోయింది. మాధవి వదల్లేదు. మిగతాదంతా మొగుడికి చెప్పినంతసేపూ బిడ్డ చెయ్యి గట్టిగా పట్టుకునే ఉంది.