పైకప్పు ఎక్కడానికి వేరే చార్జీ

వాన కురుస్తున్న ఒక మధ్యాహ్నం, పదో అంతస్తు కిటికీ ముందు నుంచి ఒక బూటు కిందికి వెళ్లిపోయింది.

స్మరండ అప్పుడు ఆ కిటికీ దగ్గరే కూర్చుని ఉంది. ఓడ ఇంజన్ల పుస్తకాలను జర్మన్ నుంచి రుమేనియన్‌లోకి మార్చడం ఆమె పని. సాయంత్రంలోగా షిప్‌యార్డుకు పంపాల్సిన కాగితాలున్నాయి, నెట్ లేదు. మా బ్లాకులో దిగి వారం కూడా కాలేదు. అందుకే మొహమాటం లేకుండా నెట్ నడిపే కుర్రాడికి ఫోన్ చేసి, నిన్ననే నెల డబ్బు కట్టాను, ఇవాళే పోయింది, ఇదేం పద్ధతని గట్టిగా అడిగింది. ఇప్పుడే పైకెళ్లి చూస్తానండీ అన్నాడతను. పైకి అంటే ఎక్కడికో ఆమె ఆలోచించలేదు.

కాసేపటికి నెత్తి మీద, కప్పు అవతల, అడుగుల చప్పుడు వినిపించింది. తర్వాత జర్రున ఏదో జారిన చప్పుడు. ఆ తర్వాత బూటు.

బూటు వెనకాలే మనిషీ వస్తాడని ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. కిందికి తొంగి చూసే ధైర్యం లేక అలాగే బిగుసుకుపోయి కూర్చుంది.

తలుపు గంట మోగింది.

గుమ్మంలో సన్నగా, పొడుగ్గా ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. ఒక కాలికి బూటుంది, రెండో కాలికి తడిసిన మేజోడుంది.

"మీ నెట్ వచ్చిందండీ. ఒకసారి చూసుకోండి."

"మీరు పడలేదా?"

"బూటు పడింది. నేను యాంటెనా గొట్టం పట్టుకున్నాను."

ఆ మాటతో స్మరండకు భయమంతా కోపమైంది. "ఇంత వానలో మిమ్మల్ని ఎవరు ఎక్కమన్నారు?"

"మీరే కదండీ."

ఆమె లోపలికి వెళ్లింది. తువ్వాలు తెచ్చి ఇచ్చింది. ఇంటికొచ్చిన వాళ్లకు పెట్టినట్టే పుల్ల చెర్రీల మురబ్బా ఒక చెంచాడు, గ్లాసుడు మంచినీళ్లు ముందు పెట్టింది. దీనికి ఎంతివ్వాలని అడిగితే అతను నవ్వి, ఏమీ లేదండీ, నెల చార్జీలోనే అన్నీ కలిసే ఉంటాయన్నాడు. అన్నీ అంటే ఆ పైకప్పు కూడానా అని ఆమె అడగబోయింది. అప్పటికే అతను ఒంటి బూటుతో మెట్లు దిగుతున్నాడు.

ఆ కుర్రాడి పేరు టిబెరియు. మాకందరికీ టిబి.

టిబి రాకముందు మా ఊరు గలాట్స్‌లో నెట్ అంటే టెలిఫోన్ తీగ మీదే. నిమిషానికింత. పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుంటే తల్లులు గోడ గడియారం ముందు నిలబడేవాళ్లు. ఒక ఫోటో తెరుచుకునేలోపు ఇంట్లో గొడవ అయిపోయేది. అలాంటి రోజుల్లో చదువు ముగించుకొచ్చిన టిబి ఒక లావుపాటి లైను కొని, మా పైకప్పు మీద నెట్ పంచే ఒక బాక్సు పెట్టి, అక్కణ్ణుంచి పక్క బ్లాకులకు గాలిలో కేబుళ్లు లాగాడు. అందరికీ నెలకు ఒకే చార్జీ. ఎంత వాడుకున్నా అంతే, ఎన్నిసార్లు పిలిచినా అంతే. నిమిషాల లెక్క పోయిన ఆ నెల మా బ్లాకులో పండగ వాతావరణమే.

కాకపోతే ఊరికే వచ్చేదాన్ని అడగడానికి ఎవరికీ నోరు నొప్పి పుట్టదు. సినిమా ఆగితే టిబి. పాట సగంలో నిలిస్తే టిబి. మా బ్లాకు పెద్ద హరలాంబీ బాబాయ్ ఓడల్లో పనిచేసి రిటైరైన మనిషి. గ్రీకు వాళ్లతో నెట్‌లో పాచికలు ఆడేవాడు. ఓడిపోతున్నప్పుడల్లా లైను బాగాలేదని ఫోన్ చేసేవాడు. టిబి నిచ్చెనెక్కి, ఇనప తలుపు నెట్టుకుని పైకి వెళ్లేవాడు. మా పైకప్పుకు పిట్టగోడ చీలమండ దాటదు. డాన్యూబ్ నది మీంచి వచ్చే గాలికి ఆపు లేదు.

ఈ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. స్మరండకు మాత్రం ఇంకో ఆలోచనే ఉండేది కాదు. ఆమె ఫ్లాటు సరిగ్గా ఆ బాక్సు కిందే. అడుగుల చప్పుడు మొదలైతే చేతిలో పెన్ను ఆగిపోయేది. అడుగులు గోడవైపు వెళ్తే ఊపిరి ఆగేది. తిరిగి ఇనప తలుపు మూసిన చప్పుడు వినిపించాకే మళ్లీ పని. పొద్దున లేవగానే ముందు ఆకాశం చూసేది. గాలి వీస్తుందని రేడియోలో వింటే ఆ పూట తిండి సహించేది కాదు. ఇదేం పిచ్చి, వాడెవడు, నేనెవరు అని తనను తాను తిట్టుకునేది. తిట్టుకుంటూనే వినేది. ప్రేమంటే గుండె తేలికపడుతుందని ఎవరో చెబితే నమ్మిన పిల్ల ఆమె. తనకేమో రాయి కట్టినట్టుంది.

ఒకటి మాత్రం నిశ్చయించుకుంది. చచ్చినా తను మళ్లీ ఫోన్ చేయకూడదు. తన మాట మీద అతను ఇంకోసారి ఆ నిచ్చెనెక్కకూడదు.

ఇటు టిబి బాధ వేరే. బ్లాకంతా పిలుస్తోంది, పిలవాల్సిన ఒక్క మనిషి పిలవడం లేదు. చెర్రీ మురబ్బా రుచి నాలుక మీంచి పోలేదు. లిఫ్టులో ఎదురైనప్పుడు నెట్ ఎలా ఉందండీ అని అడిగేవాడు. ఆమె అతని బూట్లకేసి చూసి, బాగుందండీ అనేది. అంతే, తన అంతస్తు రాకుండానే దిగిపోయేది. మా బ్లాకు అమ్మాయిలు అతన్ని ఏడిపించేవాళ్లు, నీ నెట్ అంత బాగా పనిచేయకుండా ఉండాల్సిందిరా అని.

వాడు ఆ మాట నిజంగానే పట్టించుకున్నాడు. ఒకరోజు మెట్ల దగ్గరున్న పెట్టెలో స్మరండ కేబుల్ ఒక్కటే పీకేసి, ఇంటికొచ్చి ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఫోన్ మోగలేదు. మర్నాడూ మోగలేదు. ఆ సాయంత్రం రొట్టె కొనడానికి వెళ్తూ చూశాడు. మూలమీది నెట్ సెంటర్‌లోంచి స్మరండ బయటికి వస్తోంది. గంటకింత కట్టి, పరాయి కుర్చీలో కూర్చుని పని చేసుకుని వస్తోంది. నన్ను పిలవడం కన్నా అదే నయమనుకుందన్నమాట అని టిబి గుండె జారిపోయింది. వెళ్లి కేబుల్ తగిలించేశాడు, ఎవరికీ చెప్పలేదు.

వసంతంలో బ్లాకు మీటింగ్ వచ్చింది. కింద పోస్టు డబ్బాల దగ్గర ఎవరి కుర్చీ వాళ్లు తెచ్చుకుని కూర్చున్నాం. ఊళ్లోకి ఒక పెద్ద కంపెనీ దిగుతోంది, తక్కువకిస్తామంటోంది, టిబి కూడా తగ్గించాలని హరలాంబీ బాబాయ్ మొదలుపెట్టాడు. తగ్గిస్తే కేబుళ్ల ఖర్చు కూడా రాదని టిబి నసుగుతున్నాడు. అప్పుడు వెనక వరసలోంచి స్మరండ లేచింది. మీటింగుల్లో ఆమె గొంతు మేం వినడం అదే మొదలు.

నెల చార్జీ తగ్గించమంది. అందరూ తలలూపారు. దాంతోపాటు పైకి ఎక్కించినందుకు వేరే చార్జీ పెట్టమంది. ఎవరు పిలిస్తే వాళ్లే కట్టాలి. గాలి ఉన్నరోజు రెట్టింపు. వాన ఉన్నరోజు ఎవరూ కట్టలేనంత.

ఊపిన తలలు ఆగిపోయాయి. నిమిషాల లెక్క పోయిందనుకుంటే మెట్ల లెక్క వచ్చిందే అని ఎవరో నవ్వారు. ఈ అమ్మాయి ఆ కొత్త కంపెనీ మనిషేమో అని ఇంకెవరో గొణిగారు. అందరికన్నా ఎక్కువ నొచ్చుకున్నది టిబియే.

"పిలవగానే నేను వస్తాననే కదండీ వీళ్లంతా నా దగ్గరున్నారు. ప్రతి పిలుపుకీ డబ్బడిగితే ఒక్కరైనా మిగులుతారా? నా పొట్ట కొట్టాలనుందా మీకు?"

"నేను అలా అనలేదు."

"మీకెలాగూ నా నెట్ అక్కర్లేదు. సెంటర్‌కి వెళ్తారుగా. నేను చూశాను."

స్మరండ ఇంతమంది ముందు అసలు సంగతి చెప్పలేక, కుర్చీ మడిచి పట్టుకుని వెళ్లిపోయింది. చేతులెత్తమంటే ఆమె మాట ఓడిపోయింది. చార్జీ ఎప్పటిలాగే, పైకప్పు ఎప్పటిలాగే.

తర్వాత కొన్నాళ్లకే ఆ గాలివాన వచ్చింది. మధ్యాహ్నమే దీపాలు వేసుకోవాల్సినంత చీకటి పడింది. నది అవతల ఉరుములు మొదలయ్యాయి. గాలికి కేబుళ్లు ఊగుతుంటే రెండు బ్లాకుల్లో నెట్ పోయింది. టిబి ఫోన్ మోగడం మొదలైంది. బాబాయ్ ఆ రోజు గెలుస్తున్నాడట, లైను ఆగి ఆగి వస్తోందని ఫోన్ చేస్తూనే ఉన్నాడు.

స్మరండకు నెత్తి మీద అడుగులు వినిపించాయి.

ముందు బాక్సు దగ్గరికి. తర్వాత గోడవైపు. అక్కడ ఆగాయి. మళ్లీ కదల్లేదు. కిటికీ నిండా మెరుపు వెలిగింది. ఆమె ఉరుము కోసం లెక్కపెట్టబోయింది, లెక్కపెట్టే వ్యవధి లేకుండానే ఉరిమింది. వెళ్లి దిగిరమ్మని అరవాలి. అరిస్తే వింటాడా? పొట్ట కొట్టడానికొచ్చావా అన్నవాడు వింటాడా? మళ్లీ బూటు చప్పుడు, గోడమీదే. పైకి వెళ్తే ఆ గాలికి తనే పడిపోయేలా ఉంది. అతన్ని కిందికి రప్పించేది ఈ లోకంలో ఒక్కటే ఉందని అప్పుడు తట్టింది.

లిఫ్టు కోసం ఆగకుండా మెట్లన్నీ పరిగెత్తి దిగింది. కింద పోస్టు డబ్బాల పక్కన టిబి కరెంటు పెట్టె ఉంటుంది. అందులోంచి మొత్తం నెట్‌కు కరెంటిచ్చే ప్లగ్గు పట్టుకుని ఒక్క లాగు లాగింది. అన్ని బ్లాకుల్లోనూ, అందరికీ, ఒకేసారి నెట్ పోయింది.

పైన టిబికి బాక్సు దీపాలన్నీ ఆరిపోవడం కనిపించింది. కరెంటు పోయిందనుకుని వదిలేసి కిందికి పరిగెత్తాడు. ఆఖరి మెట్టు మీద, ప్లగ్గు రెండు చేతులా పొట్టకు అదుముకుని కూర్చున్న స్మరండను చూశాడు.

"అదిటివ్వండి."

"ఇవ్వను."

"మీకు పిచ్చెక్కిందా? అక్కడ కేబుల్ ఊడిపోతోంది. ఇంకో రెండు నిమిషాలుంటే కట్టేసేవాణ్ణి."

"కట్టొద్దు. నువ్వు పైకెళ్లొద్దు, టిబి. నాకు భయం."

మీరు పోయి నువ్వు వచ్చిన సంగతి ఆమె గమనించనే లేదు. అతను నోరు తెరిచాడు. అప్పుడే బ్లాకు నెత్తిన పిడుగు పడింది. గోడలు అదిరాయి, పోస్టు డబ్బాల మూతలన్నీ గలగలలాడాయి. పదంతస్తుల పైనుంచి మెట్లదారి వెంట కాలిన ప్లాస్టిక్ వాసన మెల్లగా కిందికి దిగింది.

టిబి ఆమె పక్కన మెట్టు మీద కూలబడ్డాడు.

"నేను... ఆ బాక్సు పక్కనే ఉండేవాణ్ణి," అన్నాడు.

"తెలుసు. నువ్వు ఎక్కడుంటావో నాకు ప్రతిసారీ తెలుసు. నా కప్పు మీదే కదా నీ అడుగులు." ఆమె ఏడుస్తోంది, దాచుకోవడం లేదు. "నేను ఫోన్ చేయనిది అందుకే. సెంటర్‌కి వెళ్లింది అందుకే. మీటింగులో అడిగిందీ అందుకే. నిన్ను ఆ పైకి పంపడం అందరికీ అంత చవగ్గా ఉండకూడదని."

టిబి తన బూట్లకేసి చూసుకున్నాడు. ఇన్నాళ్లూ లిఫ్టులో ఆమె వాటికేసి ఎందుకు చూసేదో అర్థమైంది.

"ఆ రెండు రోజులూ నీ కేబుల్ పీకింది నేనే," అన్నాడు. "నువ్వు పిలుస్తావని."

స్మరండ ఏడుపు మధ్యలోనే నవ్వింది. "దొంగ వెధవా," అంది, ప్లగ్గు మాత్రం వదలకుండా.

ఇంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. బాబాయ్ దిగుతున్నాడు. గెలిచే ఆట పోయిందని తిట్టడానికే బయల్దేరాడు గానీ, దారిలో ఆ వాసన పీల్చి వచ్చాడు. ఇద్దరినీ చూశాడు. ఆమె చేతిలో ప్లగ్గునీ చూశాడు. నలభై ఏళ్లు సముద్రం మీద బతికినవాడికి పిడుగంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. టోపీ తీసి, పోస్టు డబ్బా మీద పెట్టి, కింది మెట్టు మీద కూర్చున్నాడు.

"పిలిచింది నేనే కదరా, అబ్బాయ్," అన్నాడు.

మర్నాడు మీటింగ్ పెట్టింది బాబాయే. ఎవరి కుర్చీలూ తేనివ్వలేదు, నిలబడే వినమన్నాడు. ఇక నుంచి పైకి ఎక్కిస్తే వేరే చార్జీ. వానలో ఎక్కడానికైతే చార్జీ లేదు, ఎందుకంటే ఆ పని అమ్మకానికి లేదు. కొత్త బాక్సుకు మాత్రం బ్లాకంతా కలిసి ఇస్తుంది. అందరూ చేతులెత్తారు. చివర్లో ఆయన స్మరండ వైపు తిరిగి, నువ్వేమంటావు అమ్మాయ్ అని అడిగాడు. ఆమె సరే అన్నట్టు తలూపింది. మా అమ్మాయిలు టిబిని మోచేత్తో పొడిచారు.

కొత్త బాక్సు పెట్టిన మర్నాడు ఎండ కాస్తోంది, గాలి లేదు. టిబి ఫోన్ మోగింది.

"నా నెట్ రావడం లేదండీ," అంది స్మరండ. "ఒకసారి వచ్చి చూస్తారా?"

టిబి మెట్ల దగ్గరి కేబుళ్ల పెట్టె ముందే ఉన్నాడు. ఆమె లైను దీపం పచ్చగా, నిక్షేపంగా వెలుగుతోంది.

"పైకప్పు ఎక్కాలంటారా? వేరే చార్జీ అవుతుంది మరి."

"అక్కర్లేదు. పదో అంతస్తు దాకా వస్తే చాలు. చెర్రీలు గిన్నెలో వేశాను."

బూట్ల తాళ్లు రెండూ గట్టిగా బిగించుకుని టిబి మెట్లెక్కాడు.